బాస్కెట్‌బాల్ ఆడే మన ఆడపిల్లలు – మోకాలి జాగ్రత్త

ఆడపిల్లకు ఆటలెందుకన్న మాట మన ఇళ్ళలో ఇప్పుడు అంతగా వినబడటం లేదు. బెంగుళూరు చేరి మూడు నాలుగు తరాలు గడిచిన మన కుటుంబాలలో కాలేజీ జట్టు తరపున బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలు వున్నారు. వారు గెలిచి తెచ్చిన కప్పులు అద్దాల బీరువాలో, స్వామివారి పటం పక్కనే, మెరుస్తూ వున్నాయి. ఇప్పుడు వినబడే మాట వేరు. "మోకాలు పోతుందట గదండీ, మానిపించేస్తే మంచిదేమో?" అని అడుగుతున్నారు.

ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. కిందటి సంవత్సరం మనకు బాగా తెలిసిన ఒక ఇంట్లో, బి.కాం. రెండవ సంవత్సరం చదివే అమ్మాయికి ఆట మధ్యలో మోకాటిలోని లిగమెంటు తెగింది. ఆ వార్త విన్న వారం రోజులలో మరి రెండు ఇళ్ళలో అమ్మాయిల బూట్లు అటక ఎక్కాయి. ఆ బూట్లను కిందికి దింపించాలన్నదే ఈ నాలుగు మాటలు వ్రాయడంలో మా ఉద్దేశం. మేము వైద్యులం కాము. పగలంతా ఫైళ్ళ మధ్య గడిపే గుమాస్తా ఉద్యోగం మాది. కాని మా ఇంట్లోనూ బంతి కొట్టే పిల్ల వున్నది కనుక, ఈ విషయమై వచ్చిన పరిశోధనలను దొరికినంతవరకు చదివి, తెలియని చోట తెలిసినవారిని అడిగి, తేలిన సంగతులను పాఠకుల ముందు పెడుతున్నాము.

దెబ్బ తగిలిన అమ్మాయిని వారి అవ్వగారు పదిసార్లు అడిగారట, "ఎవరే నిన్ను తోసింది?" అని. ఎవరూ తోయలేదు. బుట్ట కింద ఎగిరి బంతి అందుకొన్నది. ఒంటికాలి మీద దిగింది. దిగుతూనే పక్కకు తిరగబోయింది. లోపల ఏదో టప్పుమన్నది. కూలబడింది. అవ్వగారు నేటికీ ఆ మాట నమ్మలేదు గాని, తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు. ఈ లిగమెంటు తెగిన సందర్భాలలో సుమారు మూడింట రెండు వంతులు ఇలాగే, ఎదుటివారెవరూ మోకాటిని తాకకుండానే జరుగుతున్నాయి. పరుగెత్తుతూ ఉన్నపళంగా ఆగడం, దిశ మార్చడం, ఎగిరి దిగడం – ఈ మూడే ప్రమాదపు ఘడియలు. బాస్కెట్‌బాల్ అంటేనే ఈ మూడు పనులూ గదా!

మోకాటి లోపల తొడ ఎముకకూ, కింది కాలి ఎముకకూ మధ్య రెండు బలమైన కట్లు గుణకారపు గుర్తు వలె ఒకదానినొకటి దాటుతూ వుంటాయి. వాటిలో ముందుదాని పేరు ఏంటీరియర్ క్రూషియేట్ లిగమెంటు. ఆటస్థలాలలో ఏ.సి.ఎల్. అంటారు. కింది ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరగకుండా పట్టివుంచడం దాని పని. ఇంత పని చేసేది మన చిటికెన వేలంత పొడవు కూడా వుండదు. మోకాలు వంగకుండా కర్రలాగా వుండగా కాలు నేలకు తగిలి, అదే క్షణంలో మోకాలు లోపలికి ఒరిగి, నడుము పక్కకు వాలిందంటే భారమంతా ఆ చిన్న కట్టు మీద పడుతుంది. తెగడానికి రెప్పపాటు చాలు.

అబ్బాయిలూ ఇదే ఆట ఆడుతున్నారు గదా అంటారేమో. అమెరికా కాలేజీ ఆటగాళ్ళ లెక్కలు సేకరించి 1995లో ప్రచురించినప్పుడు, బాస్కెట్‌బాల్‌లో ఈ లిగమెంటు తెగడం అబ్బాయిలకంటె అమ్మాయిలలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. ఆ తరువాత ఎందరో దీని వెంట పడ్డారు. తుంటి వెడల్పు వల్ల తొడ ఎముక వాలు హెచ్చు అన్నారు. లిగమెంటు వుండే గాడి సన్నమన్నారు. హార్మోనుల ప్రభావమన్నారు. వీటిలో ఏది ఎంత నిజమైనా, దేవుడిచ్చిన తుంటిని మార్చలేము గదా. కాని వారు కనిపెట్టిన మరొక సంగతి వున్నది. చాలామంది అమ్మాయిలు మోకాళ్ళు తక్కువగా వంచి, లోపలికి వాల్చి దిగుతున్నారు. తొడ ముందుభాగపు కండరం మీదనే ఆధారపడి, తొడ వెనుక కండరానికీ, పిరుదు కండరానికీ పని చెప్పడం లేదు. ఇది అలవాటు. అలవాటైతే మార్చవచ్చు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. మగపిల్లవాడు ఆరో ఏటినుంచే గోడలు దూకుతాడు, పడతాడు, మళ్ళీ దూకుతాడు. ఆడపిల్లకు "దూకకు, ఎగరకు" అని చెప్పి చెప్పి, కాలేజీలో చేరాక ఒక్కసారిగా కోర్టులోకి పంపుతున్నాము. వెనుక మన ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ అయినా వుండేది. ఇక్కడి కన్నడంవారు కుంటెబిల్లె అంటారు, చెన్నపట్నంలో పాండి అంటారు. ఒంటికాలి మీద గెంతి, గీత తొక్కకుండా నిలదొక్కుకోవడమే ఆ ఆటలోని విద్య. ఇప్పుడు వీధిలో గీతలు గీయడానికి చోటే లేదు, కార్లు నిలబడి వున్నాయి.

ఆడవారిని కాపాడాలంటే ఆటను తగ్గించాలనే ఆలోచన మనకొక్కరికే వచ్చిందనుకోకూడదు. బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో పుట్టింది. మరుసటి సంవత్సరమే, 1892లో, దానికి దగ్గరలోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని తన విద్యార్థినులచేత ఆ ఆట ఆడించింది. ఆడపిల్లలు అలసిపోతారనీ, ఒకరినొకరు తోసుకొంటారనీ ఆమె కోర్టును మూడు భాగాలు చేసింది. ఎవరి భాగం వారు దాటకూడదు. ఎదుటివారి చేతిలోని బంతి లాక్కోకూడదు. మూడుసార్లకు మించి బంతిని నేలకు కొట్టకూడదు. ఆ కాలానికి అది సాహసమే, సందేహం లేదు. కాని ఆ గీతలు ఏదో ఒక రూపంలో చాలాకాలం నిలిచిపోయాయి. ఐదుగురేసి ఆడుతూ కోర్టంతా పరుగెత్తే ఆట అమెరికా కాలేజీ ఆడపిల్లలకు 1971లో గాని రాలేదు. 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చి, ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాలయాలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపరాదన్నది. ఆటలకూ అది వర్తించింది. ఆ పైన ఆడేవారు వేలకు వేలయ్యారు. గీతలు పోయాయి, మంచిదే. అయితే ఆ గీతల స్థానంలో కాపుదలగా పెట్టవలసినదేమిటో తెలియడానికి మరొక పాతికేళ్ళు పట్టింది.

ఆ సంగతి అన్నిటికంటె స్పష్టంగా తెలిపినది జపానులో కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులోనే జరిపిన ఒక పరిశీలన. 12 ఏళ్ళు సాగిన దాని ఫలితాలు 2018లో ప్రచురించారు. మొదటి 4 ఏళ్ళు ఏ మార్పూ లేకుండా కేవలం లెక్క వ్రాశారు. 309 మంది ఆటగత్తెలలో 16 సార్లు ఏ.సి.ఎల్. తెగింది. తరువాతి 8 ఏళ్ళు తుంటి కండరాల బలానికీ, నిలకడకూ, ఎగిరి దిగే పద్ధతికీ సంబంధించిన సాధన పెట్టారు. ఈసారి 448 మందిలో 9 సార్లే తెగింది. అంటే మునుపు సుమారు 20 మందికి ఒకరు మంచాన పడుతుంటే, సాధన పెట్టిన తరువాత సుమారు 50 మందికి ఒకరు. ఆట మాన్పించలేదు, కోర్టులో గీతలు గీయలేదు. ఒకే కాలంలో రెండు జట్లను పోల్చిన లెక్క కాదు గనుక, దీనినే వేదంగా పట్టుకోనక్కరలేదు. కాని వేరు వేరు దేశాలలో, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మీద జరిపిన పరీక్షలు కూడా ఈ దారినే చూపుతున్నాయి.

ఆ సాధన ఏమిటని అడుగుతారు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఆటకు ముందు ఎలాగూ ఒళ్ళు వేడెక్కించడానికి నాలుగు చుట్లు పరుగెత్తుతారు గదా, ఆ వేళలో 15 నుంచి 20 నిమిషాలు, వారానికి రెండు మూడు సార్లు. మొదట గుంజీళ్ళు – బడిలో శిక్షగా తీసినవి కావు, అద్దం ముందు నిలబడి, మోకాలు పాదం బొటనవేలు దాటి లోపలికి వాలకుండా చూచుకొంటూ నెమ్మదిగా తీసేవి. పక్కకు పడుకొని పైకాలు ఎత్తడం. కాళ్ళకు రబ్బరు పట్టీ వేసుకొని పక్క అడుగులు వేయడం. మోకాళ్ళ మీద నిలబడి, వెనుక చెలికత్తె చీలమండలు పట్టుకొనగా, ఒళ్ళు నిటారుగా వుంచి నెమ్మదిగా ముందుకు వాలడం – ఇది తొడ వెనుక కండరానికి. ఒంటికాలి మీద నిలబడి బంతి విసిరి పట్టుకోవడం నిలకడకు. ఇవి అలవాటైన తరువాత అసలు పాఠం: చిన్న పీట మీదనుంచి రెండు కాళ్ళతో దిగి, మూడు లెక్కపెట్టేవరకు కదలకుండా వుండడం. తరువాత ఎగిరి దిగడం, ఒంటికాలి మీద దిగడం, గాలిలో కొంచెం తిరిగి దిగడం. ప్రతిసారీ మోకాలు వంగాలి, తుంటి వెనక్కు పోవాలి, మోకాలు పాదానికి సూటిగా వుండాలి.

మా అమ్మాయి కోచ్‌గారు మైసూరు వైపు మనిషి. ఆయన ఈ వివరమంతా చెప్పడు. "సద్దు మాడదె ఇళి" అంటాడు, అంటే చప్పుడు చేయకుండా దిగమని. పాదం ధబ్బుమన్నదంటే మోకాలు బిగుసుకొన్నదన్న మాటే. పిల్లి దిగినట్లు దిగితే మోకాలు తనంతట తానే వంగుతుంది. పది పేజీల పరిశోధన ఆ మూడు మాటలలో ఇమిడిందని మాకు తోచింది. చప్పుడు వినడానికి డాక్టరు అక్కరలేదు గనుక తల్లిదండ్రులు కూడా డాబా మీద ఈ పరీక్ష చేయవచ్చు.

అయితే ఒక పక్షం చేసి మానివేస్తే ఫలం లేదు. పోటీలు మొదలుకావడానికి ఆరు వారాల ముందు ప్రారంభించి, పోటీల కాలమంతా సాగించాలి. ఇక్కడే మన కాలేజీలు వెనుకబడతాయి. సంవత్సరమంతా ఊరుకొని, అంతర్ కళాశాల పోటీల ప్రకటన బోర్డు మీద అంటించిన తరువాత పది రోజులు ఉదయం సాయంత్రం పిల్లలను పరుగెత్తిస్తారు. ఆడని కాలికి హఠాత్తుగా ఇంత పని పెట్టడమే ఒక ప్రమాదం. దీనికి డబ్బు లేదనడం సాకు. షికాగో నగరపు ప్రభుత్వ పాఠశాలలలో, ఎక్కువగా పేద కుటుంబాల అమ్మాయిలు ఆడే చోట, కోచ్‌లకు ఒక చిన్న తరగతి పెట్టి ఈ సాధన నేర్పి, వారిచేతనే చేయించారు. 2011లో ప్రచురించిన దాని ఫలితం ప్రకారం కాలి దెబ్బలు బాగా తగ్గాయి. ఒక పీట, ఒక రబ్బరు పట్టీ, చూచే కన్ను – ఇంతకు మించిన సరంజామా లేదు.

చీలమండ బెణుకు సంగతి కూడా చెప్పాలి. ఈ ఆటలో అన్నిటికంటె తరచుగా తగిలే దెబ్బ అదే. ఒకసారి బెణికిన మండ మళ్ళీ బెణకడానికి సిద్ధంగా వుంటుంది. పైన చెప్పిన ఒంటికాలి నిలకడే దీనికీ మందు. లేసులతో బిగించే మండపట్టీ కూడా పనికివస్తుంది. ఇక బూట్లు. "పెరిగే పాదం, ఒక సైజు పెద్దది తీసుకో" అని కొనేవారు మనలో ఎక్కువ. అక్క బూట్లు చెల్లెలికి దిగడం కూడా వున్నది. లంగావోణీ విషయంలో ఈ పొదుపు మెచ్చుకోదగినదే గాని బూటులో పాదం జారితే బూటు ఒకవైపు, మండ మరొకవైపు పోతాయి. కోర్టు ఎలాంటిదో కూడా చూడాలి. మన కాలేజీలలో ఎక్కువభాగం ఆరుబయటి సిమెంటు కోర్టులే. వాటి మీద ఇసుక రేణువులు పేరుకొంటాయి. ఆటకు ముందు ఒక చీపురు చేతబట్టడం ఎవరి పరువుకూ తక్కువ కాదు.

తిండి దగ్గర మన ఇళ్ళలో ఆడపిల్లకు అన్యాయమే జరుగుతున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో 59 శాతం మందికి రక్తహీనత వున్నది. ఉదయం ఆరు గంటలకు ఒక లోటా కాఫీ తాగి సాధనకు పోయి, అటునుంచి అటే తరగతికి పోయే పిల్ల ఎంతకాలం నిలుస్తుంది? ఆటకు తగిన తిండి లేకపోతే ముందు నెలసరి తప్పుతుంది, తరువాత ఎముక పలచబడి, దెబ్బ తగలకుండానే సన్నని పగుళ్ళు పడతాయి. నెలసరి మూడు నెలలు రాకపోతే "ఆడే పిల్లలకు అది మామూలే" అని ఊరుకోక డాక్టరుకు చూపాలి. ఈ సంగతి అమ్మాయి కోచ్‌కు చెప్పుకోలేదు, తల్లి కనిపెట్టాలి. రాగిసంకటి, వేరుశెనగలు, పప్పు, ఆకుకూర, అలవాటున్నవారికి గుడ్డు – ఇవేవీ కొత్తగా నేర్చుకోవలసినవి కావు.

ఇంత చేసినా కొందరికి తెగుతుంది. అప్పుడు జరిగే పొరపాట్లు అసలు దెబ్బకంటె ఎక్కువ నష్టం చేస్తున్నాయి. మేము పైన చెప్పిన అమ్మాయికి టప్పుమన్న శబ్దం వినబడింది. రెండు గంటలలో మోకాలు కుండలా వాచింది. ఈ రెండూ కలిస్తే ఏ.సి.ఎల్. తెగిందని అనుమానించవలసిందే. కాని వారు వెళ్ళిన చోట ఎక్స్‌రే తీసి, "ఎముక బాగానే వున్నది, బెణుకే" అని పంపారు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని లిగమెంటు కనబడదు. ఇంట్లో నూనె పెట్టి తోమారు. వాపు తీసింది. నాలుగో వారంలో అమ్మాయి, జట్టులో చోటు పోతుందన్న భయంతో, మళ్ళీ కోర్టులో దిగింది. పట్టులేని మోకాలు మరొకసారి మెలిపడి, ఎముకల మధ్య దిండులాగా వుండే మెనిస్కస్ కూడా చిరిగింది. పుత్తూరు కట్టు మీద మనవారికి తరతరాల నమ్మకం వున్నది. ఎముక విరిగినప్పటి మాట వేరు. మోకాలు ఇలా వాచినప్పుడు మాత్రం ముందు ఆ విద్య తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టరు చేతితో పరీక్షించాలి, అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయాలి.

మరొక పొరపాటు దాచడం. "కాలికి కుట్లు పడిన పిల్లను ఎవరు చేసుకొంటారు?" అనే మాట మా చెవులతో విన్నాము. ఆ మాట ముందు గదిలో అంటే వెనుక గదిలోని పిల్లకు వినబడుతుంది. మరుసటిసారి మోకాలు వాచినప్పుడు ఆమె చుడీదారు కింద దాచి నవ్వుతూ తిరుగుతుంది. మనమే నేర్పాము ఆ దాపరికం. దీని ఖరీదు ఎంతో తెలుసుకోదలచినవారు స్వీడను దేశపు లెక్క చూడవచ్చు. అక్కడ ఏ.సి.ఎల్. తెగిన ఫుట్‌బాల్ ఆటగత్తెలను 12 ఏళ్ళ తరువాత పరీక్షించి 2004లో ప్రచురించారు. ఎక్స్‌రే తీసినవారిలో సగం మందికి మోకాలు అరిగిపోయి వున్నది. వారి సగటు వయస్సు 31. చంకన బిడ్డ, చేతిలో సంచితో మెట్లెక్కే వయస్సు అది.

దెబ్బ తగిలినంత మాత్రాన ఆట ముగిసిందనుకోనక్కరలేదు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయపు ఆటగత్తె పేజ్ బెకర్స్‌కు 2022 ఆగస్టులో ఏ.సి.ఎల్. తెగింది. 2022–23 ఆటల కాలమంతా ఆమె బయట కూర్చున్నది. 2025 ఏప్రిల్‌లో ఆమె జట్టు దేశపు కాలేజీ చాంపియన్ అయింది. మన బెంగుళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలోనే 2017 జులైలో భారత మహిళలు ఆసియా కప్పు డివిజన్ బి ఫైనలులో కజకిస్థానును 75–73తో గెలిచారు. ఆ జట్టులోని చెన్నై ఆటగత్తె అనిత పాల్‌దురై అప్పటికి దేశం తరపున ఆడడం మొదలుపెట్టి 17 ఏళ్ళయింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అన్నేళ్ళు నిలిచే మోకాళ్ళు ఆడవారికీ వుంటాయి.

శస్త్రచికిత్స చేసి కొత్త లిగమెంటు అమర్చిన తరువాత తొందర పడకూడదు. 2016లో ప్రచురించిన నార్వే, అమెరికా పరిశోధన ఒకటి ఏమి చెప్పిందంటే, 9 నెలలు నిండేవరకు, తిరిగి కోర్టులో దిగడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం సుమారు సగం తగ్గింది. ఆరో నెలలో నొప్పి వుండదు, నడక బాగుంటుంది, అంతర్ కళాశాల పోటీలు దగ్గర పడతాయి, కాలేజీనుంచి కబురు వస్తుంది. అప్పుడే ఇంట్లో పెద్దలు గట్టిగా నిలబడాలి. ఆ నెలలలో అమ్మాయిని జట్టుకు దూరం చేయకుండా, స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్క వ్రాయిస్తే మనస్సు చెదరకుండా వుంటుంది.

9 నెలలు నిండినా క్యాలెండరు చూచి దింపకూడదు, కాలిని చూడాలి. దానికొక సులువైన కొలత వున్నది. నేల మీద గీత గీసి, బాగున్న కాలితో ఒక్క గెంతు గెంతి, కదలకుండా నిలబడమని, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవాలి. తరువాత దెబ్బతిన్న కాలితో అదే విధంగా. రెండవది మొదటిదానిలో కనీసం 90 శాతం వుండాలి. బాగున్న కాలు 120 సెంటీమీటర్లు గెంతితే రెండవది 108కి తగ్గకూడదు. దీనితోపాటు కండరాల బలం కూడా ఫిజియోథెరపిస్టు కొలిచి చూచి, డాక్టరు సరేనన్న తరువాతనే పూర్తి ఆట. టేపు మాత్రం దర్జీవాడిది తేవద్దు, అది సాగుతుంది; వడ్రంగి వాడే ఇనుప టేపు తీసుకొండి.